కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

[ధవళేశ్వరం. పొద్దున్నే బ్యారేజీ మీద నుంచి తీసిన షాట్. నీటి చప్పుడు కాసేపు అలాగే వినిపించాలి.]

గోదావరి జిల్లాల వాళ్లకి కాటన్ అన్న పేరు నేను పరిచయం చెయ్యక్కర్లేదు. గుర్రం మీద కూర్చున్న ఆ విగ్రహం చూడకుండా పెరిగినవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. మా అమ్మమ్మగారి ఊరు కాలవ గట్టు మీదే ఉండేది. ఎండాకాలం సెలవలకి వెళ్లినప్పుడు ఒకసారి తాతయ్యని అడిగాను, "తాతయ్యా, కాటన్ దొర అంటే పత్తి వ్యాపారం చేసేవాడా?" అని. "కాదురా, ఇంజినీరు, ఈ కాలవ ఆయన పుణ్యమే" అన్నారు. మరి పత్తి అని పేరెందుకు పెట్టుకున్నాడు అంటే, "అది వాళ్ల ఇంటిపేరు" అని తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్న నాతో చాలా ఏళ్లు ఉండిపోయింది. ఈ వీడియో దాని గురించే. ఆనకట్ట గురించి ఇప్పటికే బోలెడంత మంది చెప్పారు, నేను ఆ పేరు గురించి మాత్రమే చెప్తాను.

ముందే చెప్పేస్తున్నా, ఈ ఇంటిపేరుకీ పత్తికీ ఏ సంబంధమూ లేదు. వినడానికి ఒకేలా ఉన్న రెండు వేర్వేరు మాటలు ఇవి. బట్టల కాటన్ అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బీలో పత్తిని కుత్న్ అంటారు, అది ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి కోటన్ అయింది, అక్కడి నుంచి 14వ శతాబ్దం ప్రాంతంలో ఇంగ్లీషులోకి చేరింది. మనిషి పేరులో ఉన్న కాటన్ అలా ఎక్కడినుంచో వచ్చింది కాదు, అది ఇంగ్లండు మట్టిలోనే పుట్టింది. పాత ఇంగ్లీషులో కాట్ అంటే గుడిసె. మనం రోజూ అనే కాటేజ్ అన్న మాట కూడా దీని చుట్టమే. (ఆసుపత్రిలో పేషెంటుకి ఇచ్చే కాట్ మాత్రం వేరు, అది హిందీ ఖాట్, అంటే మన మంచం. ఇంగ్లీషు వాళ్లు ఇక్కడికి వచ్చాక పట్టుకెళ్లిన మాట అది.)

[స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో: కాట్ = గుడిసె]

సరే, కాట్ అంటే గుడిసె. మరి చివర ఆ 'అన్' ఏమిటి? నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

పాత ఇంగ్లీషు ఇప్పటి ఇంగ్లీషులా ఉండేది కాదు. మన తెలుగులోలా, సంస్కృతంలోలా మాట చివర విభక్తులు వచ్చి చేరేవి. 'గుడిసెల దగ్గర' అని చెప్పాలంటే కాట్ అనే మాటకి చివర ఉమ్ చేర్చి కాటుమ్ అనేవాళ్లు. "ఎక్కడుంటావయ్యా?" అంటే "కాటుమ్ దగ్గర", అంటే గుడిసెల దగ్గర, అని జవాబు. కాలం గడిచేకొద్దీ ఆ చివరి ఉమ్ నోట్లో అరిగిపోయి, ఉన్ అయి, అన్ అయింది. అలా కాటుమ్ కాస్తా కాటన్ అయింది. తర్వాత ఇంగ్లీషు భాషలోంచి విభక్తులు దాదాపు అన్నీ రాలిపోయాయి గానీ, ఊరి పేరులో దాక్కున్న ఈ ఒక్క విభక్తి మాత్రం ఊడిపోకుండా వెయ్యేళ్లుగా అక్కడే ఉంది.

ఇది విన్నప్పుడు మీకు మన ఇంటిపేర్లు గుర్తు రాలేదా? వేమూరు ఊరు, వేమూరి ఇంటిపేరు. ఏలూరు ఊరు, ఏలూరి ఇంటిపేరు. కొమ్మూరు, కొమ్మూరి. ఆ చివర ఉకారం పోయి ఇకారం వచ్చింది చూశారా, బళ్లో ఔపవిభక్తికం అని నేర్పి మనల్ని హడలగొట్టింది దాన్నే. "వేమూరి వాళ్లు" అంటే వేమూరుకి చెందినవాళ్లు. అంతెందుకు, 'ఇంటిపేరు' అన్న మాటే చూడండి, ఇల్లు ఇంటి అయింది. మనం వేమూరి అన్నప్పుడు పేరులో ఒక విభక్తిని మోస్తున్నట్టే, కాటన్ అన్నవాళ్లు కూడా తెలియకుండా ఒక విభక్తిని మోస్తున్నారు. తేడా ఒకటే, మనకి ఆ వ్యాకరణం ఇంకా బతికుంది, వాళ్లకి పోయింది.

ఇంగ్లీషులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మనకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధానమంత్రి ఎవరు? క్లెమెంట్ అట్లీ. అట్ లీ, అంటే 'పచ్చికబయలు దగ్గర' ఉండేవాళ్లు. నాష్ అన్న ఇంటిపేరు ఇంకా తమాషాగా ఉంటుంది. యాష్ అంటే ఒక రకం చెట్టు, 'ఆ యాష్ చెట్టు దగ్గర' అనడానికి అటెన్ యాష్ అనేవాళ్లు, జనం గబగబా పలికేసరికి అటెన్‌లో ఉన్న నకారం వెళ్లి యాష్‌కి అతుక్కుని నాష్ అయిపోయింది. సంధి పాఠంలో పెట్టుకోదగ్గ ఉదాహరణ.

[ఇంగ్లండు మ్యాపు. మధ్య భాగం మీదకి జూమ్.]

ఇక ఊళ్ల సంగతి. కాటన్, కోటన్ అన్న పేర్లతో ఇంగ్లండులో ఒక ఊరు కాదు, చాలా ఊళ్లున్నాయి. ముఖ్యంగా మిడ్‌లాండ్స్ అనే మధ్య ప్రాంతంలో, స్టాఫర్డ్‌షైర్, డెర్బీషైర్, వారిక్‌షైర్, ఇటు కేంబ్రిడ్జికి ఆనుకుని కూడా. మన దగ్గర కొత్తపల్లి, కొత్తపాలెం జిల్లాకి ఎన్ని ఉంటాయో అలాగన్నమాట. డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్ అని ఒక పల్లె ఉంది, బ్రిటన్ మొత్తంలో సముద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటు దాని పక్కనున్న పొలమే. అక్కడి నుంచి ఎటు వెళ్లినా సుమారు 113 కిలోమీటర్లు పోతే గానీ సముద్రం రాదు.

అన్ని ఊళ్లున్నాయంటే, కాటన్ అన్న ఇంటిపేరు కూడా ఒకే మూలపురుషుడి నుంచి రాలేదని అర్థం. ఏ ఊరి కాటన్లు ఆ ఊరివాళ్లే. మన దగ్గర కూడా ఇంటిపేరు ఒకటే అయి, కులం వేరు, గోత్రం వేరు అయిన కుటుంబాలు ఎన్ని లేవు?

అసలు అక్కడ ఇంటిపేర్లు స్థిరపడిందే కాస్త ఆలస్యంగా. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచిన తర్వాత, మూడు వందల ఏళ్లకు పైగా మెల్లమెల్లగా జరిగిన పని ఇది. ముందు భూములున్న దొరలకి, ఆ తర్వాత మామూలు జనానికి. ఒకే ఊళ్లో పదిమంది జాన్‌లుంటే పన్ను రాసుకునే గుమాస్తాకి ఎవరు ఎవరో తెలియాలి కదా. కొందరికి చేసే పని పేరైంది, కమ్మరి కాబట్టి స్మిత్. కొందరికి తండ్రి పేరు, కొందరికి ఒంటి రంగో జుట్టు రంగో, బ్రౌన్ అలాంటిదే. మన నిఘంటువు బ్రౌన్ దొర పేరు ఆ కోవలోది. ఊరు వదిలి వచ్చినవాడికి ఊరి పేరు. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఊరి పేరుతో పిలవాల్సిన అవసరం ఉండదు, పక్క ఊరికి వలస వెళ్లినప్పుడే "ఆ కాటన్ నుంచి వచ్చినవాడు" అంటారు. అంటే ఇది ఎవరో సొంత ఊరు వదిలి వెళ్లాక పుట్టిన పేరు.

ఆ గుడిసెల్లో ఉండేది ఎవరు? 1086లో విలియం రాజు దేశం మొత్తం భూముల లెక్క తీయించాడు, దాన్నే డూమ్స్‌డే బుక్ అంటారు. ఏ ఊళ్లో ఎన్ని నాగళ్లు, ఎన్ని మరలు, ఎంతమంది రైతులు, అన్నీ రాశారు. అందులో అట్టడుగున కనిపించే వాళ్లలో కాట్ అన్న మాట నుంచే పేరు వచ్చిన జనం ఒకరు. ఒక గుడిసె, దాని వెనక పెరడు, మహా అయితే నాలుగైదు ఎకరాలు, అవీ దొరవే, మిగతా రోజులు దొర పొలంలో కూలి. అలాంటి గుడిసెలు నాలుగు ఒకచోట ఉంటే ఆ చోటుకి పడ్డ పేరు ఇది.

కాట్ చివర ఉన్న ఇంటిపేర్లు వింటే అవి ఎవరి గుడిసెలో కూడా తెలుస్తుంది. ప్రెస్కాట్ అంటే పూజారి గుడిసె. వెస్ట్‌కాట్, పడమటి గుడిసె. కాల్డికాట్, చలి గుడిసె. క్రికెట్ పాత కథలు తెలిసినవాళ్లకి వెస్టిండీస్ క్లైడ్ వాల్కాట్ గుర్తుంటాడు, ఆ వాల్కాట్ అంటే వెల్షు వాళ్ల గుడిసె. బార్బడోస్ కుర్రాడికి ఆ పేరు ఎలా వచ్చిందంటే అది బానిసత్వం కథ, ఇంకాసేపట్లో దానికి వస్తాను.

[పాత తోలు పుస్తకం, అంచులు కాలిన పేజీలు.]

ఈ పేరు పెట్టుకున్న వాళ్లలో ఒక్కరి గురించి కాసేపు చెప్పాలి. సర్ రాబర్ట్ కాటన్, 1571లో పుట్టి 1631లో పోయాడు. పాత రాతప్రతులంటే ఆయనకి ప్రాణం. మఠాలు మూతపడి, వాటిలోని పుస్తకాలు చెల్లాచెదురవుతున్న రోజుల్లో ఎక్కడెక్కడివో పోగుచేశాడు. ఆయన అలమరాల మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలుండేవి, ఏ పుస్తకం ఏ చక్రవర్తి కింద ఉందో దాన్నిబట్టే గుర్తు. ఇవాళ్టికీ బ్రిటిష్ లైబ్రరీలో ఆ పుస్తకాలని ఆ గుర్తులతోనే పిలుస్తారు. రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టా, దాని ప్రతులు ప్రపంచంలో నాలుగు మిగిలితే రెండు ఈయన దగ్గరివే. పాత ఇంగ్లీషులో అన్నిటికన్నా పేరున్న కావ్యం బేవుల్ఫ్‌కి ఉన్న ఒకే ఒక్క రాతప్రతి కూడా ఈయన దగ్గరిదే. 1731లో ఆ పుస్తకాలు ఉంచిన ఇంటికి నిప్పంటుకుంది. జనం కిటికీల్లోంచి పుస్తకాలు బయటికి విసిరి కాపాడారు, బేవుల్ఫ్ అంచులు కాలి ఇప్పటికీ ముట్టుకుంటే రాలిపోయేలా ఉంటాయి. కాటన్ అన్న మాట పుట్టిన భాష మనకి ఈ మాత్రం దక్కడంలో ఒక కాటన్ చెయ్యి ఉంది. ఆ అంచుల ఫొటో చూసిన ప్రతిసారీ, మన తాటాకు ప్రతులు ఎన్ని ఇలా పోయాయో అని గుండె కలుక్కుమంటుంది.

ఇక సముద్రం దాటిన కాటన్లు. 1633లో జాన్ కాటన్ అనే మతబోధకుడు ఇంగ్లండు బోస్టన్ నుంచి అమెరికా బోస్టన్‌కి వెళ్లాడు. ఆయన కూతురి కొడుక్కి తాతగారి ఇంటిపేరునే సొంత పేరుగా పెట్టారు, కాటన్ మాథర్ అని. 1721లో బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు, ఆఫ్రికాలో టీకా లాంటి పద్ధతి ఉందని తన ఇంట్లో బానిసగా ఉన్న ఒనెసిమస్ చెప్పగా విని, దానికోసం ఊరంతా తిట్టినా నిలబడ్డాడు.

ఇవాళ అమెరికాలో కాటన్ అన్న పేరు తెల్లవాళ్లలోనూ ఉంది, నల్లజాతి కుటుంబాల్లోనూ ఉంది. ఆర్కాన్సా సెనేటర్ టామ్ కాటన్ పేరు వార్తల్లో వింటూనే ఉంటారు. నల్లవాళ్లకి ఈ పేరు ఉందంటే పత్తి చేలల్లో పని చేయించారు కాబట్టే అని చాలామంది అనుకుంటారు. అలా అనిపించడం సహజం, ఆ పత్తి చేల చరిత్ర అంత ఘోరమైంది. కానీ మాట పుట్టుక అది కాదు. బానిసత్వం పోయాక, 1870 జనాభా లెక్కల్లో మొట్టమొదటిసారి ఆ మనుషులందరినీ పేర్లతో రాసుకున్నారు. అప్పుడు కొందరు పాత యజమాని ఇంటిపేరు ఉంచుకున్నారు, కొందరు తమకి నచ్చింది ఎంచుకున్నారు. ఏ కుటుంబం కథ ఆ కుటుంబానిది.

మరి ఇవాళ ఎంత ఎక్కువగా ఉంది ఈ పేరు? స్మిత్‌తో పోలిస్తే ఏమీ లేదు. 2010 లెక్కల్లో అమెరికాలో స్మిత్‌లే 24,42,977 మంది. కాటన్ అలా వీధికొకటి కనిపించే పేరు కాదు, అలాగని వింత పేరూ కాదు. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, కరీబియన్ దీవులు, అన్నిచోట్లా ఉంటారు. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం మారిన కాటెన్లు, అదే గుడిసెల నుంచి వచ్చిన కాటమ్‌లు, కోట్స్‌లు కూడా వీళ్ల వరసే. హెన్రీ కాటన్ మూడుసార్లు, 1934, 1937, 1948లో, గోల్ఫ్ ఓపెన్ గెలిచాడు. రగ్బీ ఆటగాడు ఫ్రాన్ కాటన్ 1987లో స్నేహితుడితో కలిసి బట్టల కంపెనీ పెట్టి దానికి కాటన్ ట్రేడర్స్ అని పేరు పెట్టాడు. గుడిసె కాటన్, పత్తి కాటన్ ఒకే బోర్డు మీద కలిసింది అక్కడే.

మన దేశంలో ఈ ఇంటిపేరు ఉన్నవాళ్లు బహుకొద్ది మందే గానీ, పేరు మాత్రం గట్టిగా నాటుకుంది. బెంగళూరు, సిమ్లాల్లో బిషప్ కాటన్ స్కూళ్లు, ఆయన కలకత్తా బిషప్, 1866లో నదిలో పడి మునిగిపోయాడు. కుంభకోణంలో పుట్టిన సర్ హెన్రీ కాటన్ 1904 బొంబాయి కాంగ్రెస్ సభకి అధ్యక్షుడు.

ఇక మన ఆర్థర్ కాటన్. 1803లో పుట్టాడు, కుటుంబం చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్లు. 8వ హెన్రీ మఠాలు మూయించినప్పుడు కాంబర్‌మియర్ మఠం వీళ్ల పూర్వీకుడి చేతికి వచ్చింది. గుడిసెల పేరు పెట్టుకుని మఠమంత ఇంట్లో ఉన్న జమీందార్లు. ఈయన పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్న సేనాధిపతి. ఆ బంధువు పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో రాళ్లు పేర్పించిన ఇంజినీరు పేరు మాత్రం ప్రతి ఊళ్లో ఉంది.

[మళ్లీ గోదావరి. రేవులో స్నానాలు చేస్తున్న జనం. మాట నెమ్మదిగా.]

ఆ రేవుల్లో ఇప్పటికీ కొందరు పంతుళ్లు చదివే శ్లోకం మీరు వినే ఉంటారు. దాని చివరి సగం ఇది: "స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం."

'కాటనుం' అన్న మాట ఇంకోసారి వినండి. తెలుగువాళ్లు ముందు కాటన్‌ని కాటను చేసుకున్నారు, రైలు బస్సుల్లాగే చివర ఉకారం చేర్చి. ఆ తర్వాత ఆ శ్లోకం కట్టినాయన దాన్ని గురు శబ్దంలా పట్టుకుని, గురుం అన్నట్టే, సంస్కృత ద్వితీయా విభక్తి తగిలించారు. గుడిసెల దగ్గర అని చెప్పడానికి వెయ్యేళ్ల కింద ఇంగ్లండు పల్లెటూరి జనం కాటుమ్ అన్నారు, ఆ ఉమ్ అరిగి అన్ అయింది. గోదావరి ఒడ్డున దానికి మళ్లీ ఒక విభక్తి వచ్చి చేరింది, అదీ చివర ఉమ్ శబ్దంతోనే.