సీటు కిందికి దించండి
(కాలనీ గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే ముగించమని అధ్యక్షులవారు ముందే చెప్పారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

"సైకిల్ చిన్నప్పుడు రావాలి గానీ, ఈ వయసులో ఏం వస్తుందండీ?" పెద్దవాళ్లకి సైకిల్ నేర్పే మా గ్రౌండ్‌లో నేను తరచూ వినే మాట ఇది. చరిత్ర చూస్తే వ్యవహారం తిరగబడి ఉంటుంది. సైకిల్ పుట్టిందే పెద్దవాళ్ల కోసం. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి రెండు చక్రాల కొయ్యబండి మీద కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ ఊరి బయటిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. దానికి పెడళ్లు లేవు, చైన్ లేదు. అప్పుడాయన వయసు 32. 1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు తగిలించాక, ఆ బండి నడపడం నేర్పడానికి పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఏకంగా స్కూళ్లే వెలిశాయి. ఫీజు కట్టి, పెద్ద హాళ్లలో కింద పడుతూ లేస్తూ నేర్చుకున్నది కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు. పిల్లల సైకిళ్లు ఇంటింటికీ వచ్చింది చాలా తర్వాత.

వయసు మాట వచ్చింది కాబట్టి ఇద్దరి సంగతి చెబుతాను. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 1895లో, 67వ ఏట, మాస్కోలో సైకిల్ నేర్చుకున్నాడు. ఏడేళ్లు నిండని ఆయన చిన్న కొడుకు చనిపోయిన సంవత్సరం అది. అమెరికాలో మద్యపాన వ్యతిరేక ఉద్యమం నడిపిన ఫ్రాన్సిస్ విల్లార్డ్ 53వ ఏట మొదలుపెట్టింది. సైకిల్‌కి గ్లాడిస్ అని పేరు పెట్టుకుంది. రోజుకి పది పదిహేను నిమిషాల చొప్పున మూడు నెలలు పట్టిందట. ఈ లెక్క నాకు నచ్చుతుంది. గంటలకొద్దీ గ్రౌండ్‌లో చెమటోడ్చమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. మగపిల్లవాడు అద్దె సైకిల్ తెచ్చుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, మోకాళ్లు చీరుకుని నేర్చుకునేవాడు. అదే ఇంట్లో ఆడపిల్లకి పదకొండో పన్నెండో రాగానే "ఇక చాలు, లోపలికి రా" అనేవాళ్లు. ఆ ఆడపిల్లలే ఈరోజు నలభై, యాభై దాటి, కూరల సంచీ పట్టుకుని షేర్ ఆటో కోసం నిలబడుతున్నారు. కొందరు స్కూటీ నేర్చుకుందామని వెళితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న "సైకిల్ వచ్చా, మేడమ్?" రాదంటే నేర్పేవాడి ముఖం మారిపోతుంది. అందులో అతని తప్పు లేదు. బ్యాలెన్స్ తెలియని మనిషి చేతికి యాక్సిలరేటర్ ఇస్తే టెన్షన్ ఎవరికైనా ఉంటుంది.

నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అందుకని ఒక్క నిమిషం క్లాసు పీకుతాను, భరించండి. సైకిల్ పడకుండా ఎలా నిలబడుతుంది? చక్రాలు తిరుగుతుంటాయి కాబట్టి, బొంగరంలాగా నిలబడుతుందని చాలామంది చెబుతారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. ముందు చక్రం పక్కనే ఇంకో చక్రం బిగించి, దాన్ని వెనక్కి తిప్పి, ఆ బొంగరం ప్రభావాన్ని కొట్టేశాడు. అయినా ఆ సైకిల్‌ను హాయిగా తొక్కగలిగాడు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ ప్రభావం లేకుండానే ఒక చిన్న సైకిల్ తయారుచేసి తోస్తే, మీద మనిషి లేకపోయినా పడకుండా వెళ్లింది.

అసలు కిటుకు హ్యాండిల్ దగ్గర ఉంది. సైకిల్ ఎటు వాలితే హ్యాండిల్ అటే తిరగాలి. అప్పుడు చక్రాలు జరిగి, పడబోతున్న బరువు కిందికి వచ్చి చేరతాయి. కాస్త వేగం ఉంటే ముందు చక్రం ఈ పని చాలావరకు తనే చేసుకుంటుంది. మనం అడ్డుపడకుండా ఉంటే చాలు. కానీ భయపడిన మనిషి ఎడమకి పడుతున్నాననిపించగానే హ్యాండిల్‌ను కుడికి లాగుతాడు. అంతే, ధబీమని ఎడమకే పడతాడు. అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ నలభైల్లో ఉండగా పాతకాలపు పెద్ద చక్రం సైకిల్ నేర్చుకుంటూ సరిగ్గా ఇక్కడే తిప్పలు పడ్డాడు. పడేవైపుకే తిప్పాలన్న మాటని బుద్ధి ఒప్పుకున్నా చేతులు ఒప్పుకోవు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎంత నెమ్మదిగా పోతే హ్యాండిల్‌ను అంత ఎక్కువగా అటూ ఇటూ ఆడించాల్సి వస్తుంది. పెద్దవాళ్లు జాగ్రత్త కొద్దీ నత్తనడకన పోతారు. అన్నిటికంటే కష్టమైన పనిని మొదటి రోజే నెత్తికెత్తుకున్నట్టు లెక్క.

మనవాళ్లు నేర్పే పద్ధతి కూడా ఈ కష్టానికి తోడవుతుంది. వెనకాల సీటు పట్టుకుని ఒకాయన పరుగెత్తుతుంటాడు. వాలినప్పుడల్లా ఆయన చెయ్యే సరిచేస్తుంది. దాంతో తొక్కేవాళ్లకి వాలడం ఎలా ఉంటుందో తెలియనే తెలియదు. కొంతదూరం పోయాక చెప్పకుండా వదిలేస్తాడు. చిన్నపిల్లాడికి అది సరదాగా ఉంటుంది. యాభై ఏళ్ల ఆవిడ అలా ఒకసారి పడితే ఆ సైకిల్‌నీ నమ్మదు, ఆ మనిషినీ నమ్మదు. ఆయన భర్తే అయితే ఆ రోజు వంట సంగతి నేను చెప్పక్కర్లేదు. పక్క చక్రాలు పెడితే ఇంకా దండగ. వాటితో సైకిల్ వాలదు కాబట్టి నేర్చుకోవాల్సింది మిగిలే ఉంటుంది.

మా గ్రౌండ్‌లో మేం చేసేది వేరు. ముందు సీటును పూర్తిగా కిందికి దించుతాం. కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి. ఆనకపోతే ఆ సైకిల్ మీకు పెద్దది. ఇంట్లో అబ్బాయిది ఉంది కదా అని తేకండి. తర్వాత రెండు పెడళ్లూ విప్పేస్తాం. ఇక్కడ ఒక చిన్న కిటుకుంది. కుడి పెడల్ మామూలు నట్టులాగే విప్పుకోవచ్చు గానీ, ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితేనే ఊడుతుంది. తెలియక ఎదురు తిప్పి మర పాడుచేసుకున్న సైకిళ్లు మెకానిక్ షాపులకి చాలానే వస్తుంటాయి.

పెడళ్లు లేని ఆ బండి మీద కూర్చుని, డ్రైస్ గారిలాగే కాళ్లతో నేలని తోసుకుంటూ నడుస్తారు. మొదట అడుగులో అడుగు. తర్వాత అంగలు. తర్వాత నాలుగు అంగలు తోసి కాళ్లు పైకెత్తడం. పడిపోతామనిపిస్తే కాలు దించితే సరిపోతుంది, నేల అక్కడే ఉంది. ఈ ధైర్యం ఒక్కటి వచ్చాక హ్యాండిల్ మీద పట్టు దానంతటదే సడలుతుంది. పట్టు సడలితే ముందు చక్రం తన పని తను చేసుకుంటుంది. చూపు మాత్రం దూరంగా ఉండాలి. ముందు చక్రాన్నే చూస్తుంటే బండి వంకర్లు పోతుంది. గుంతను చూస్తుంటే గుంతలోకే పోతుంది. మెత్తగా ఉంటుంది కదా అని గడ్డి నేల ఎంచుకుంటారు గానీ గడ్డిలో బండి దొర్లదు. గట్టి నేల, కనిపించీ కనిపించనంత వాలు ఉంటే చాలు. సాయంత్రాలు ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగ్ స్థలాలు దీనికి బాగా పనికొస్తాయి, సెక్యూరిటీ అతను ఒప్పుకుంటే.

బ్రేకు కూడా ఈ దశలోనే నేర్పాలి. మన సైకిళ్లలో కుడిచేతి బ్రేకు సాధారణంగా ముందు చక్రానిది. కంగారులో దాన్నొక్కదాన్నే గట్టిగా నొక్కితే ముందుకి తూలిపడతారు. రెండూ కలిపి, మెల్లగా. కాళ్లెత్తి పది పదిహేను మీటర్లు దొర్లగలిగితే పెడళ్లు బిగించేయొచ్చు. బయల్దేరేటప్పుడు ఒక పెడల్‌ను కాస్త ముందుకి, పైకి పెట్టి, దాని మీద బరువు వేసి తొక్కండి. పరుగెత్తి ఎగిరి ఎక్కడం మన తాతల కాలం నాటి విద్య. చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్లకి వద్దు. బాగా తొక్కడం వచ్చాక సీటును మళ్లీ కొంచెం కొంచెంగా పైకి లేపాలి. లేకపోతే మోకాళ్లు నొప్పి పెడతాయి.

ఇదంతా ఒంటికి సంబంధించిన సంగతి. చూసే కళ్ల సంగతి ఇంకోటి ఉంది. దానికి తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా గురించి చెప్పాలి.

1990ల మొదట్లో దేశమంతా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. మన నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ సారా దుకాణం మీదికి వెళ్లారు. దాదాపు అదే సమయంలో పుదుక్కోట్టైలో చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పారు. అక్కడ కలెక్టర్‌గా ఉన్న షీలా రాణి చుంకత్ ఈ ఆలోచనకి వెన్నుదన్నుగా నిలిచారు. ఊరూరా తిరిగి చదువు చెప్పాల్సిన కార్యకర్తలు బస్సు కోసమో, అన్నదమ్ముల కోసమో కాచుకుంటే పని జరగదు. వాళ్లు సైకిళ్లు కొనుక్కోవడానికి బ్యాంకు అప్పులు ఇప్పించారు. పాట కట్టారు. పొలం పనివాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు అందరూ నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం రోజున పదిహేను వందల మంది ఆడవాళ్లు హ్యాండిళ్లకి జెండాలు కట్టుకుని పుదుక్కోట్టై వీధుల్లో తొక్కుకుంటూ వెళ్లారు.

జర్నలిస్టు పి. సాయినాథ్ అప్పట్లో అక్కడికి వెళ్లి దీని గురించి వివరంగా రాశారు. ఆయన మన వి.వి. గిరి గారి మనవడు. లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని ఆయన అంచనా. శిక్షణకి వచ్చినవాళ్లు పండక్కి వెళ్తున్నట్టు ముస్తాబై వచ్చారట. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే కొనేశారు. కొందరైతే కావాలనే వాటిని ఎంచుకున్నారు, ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని. ఈ ఒక్క వివరం చాలు, ఆ సైకిళ్లు ఫోటోల కోసం కొన్నవి కావని తెలియడానికి. నీళ్ల బిందెలు మోసుకురావడానికి, పంటని అంగడికి చేర్చడానికి, పిల్లల్ని దింపడానికి ఆ సైకిళ్లు తిరిగాయి. మొదట్లో దారెంట మగవాళ్లు ఎగతాళి చేశారు, పిచ్చి మాటలూ అన్నారు. అయితే ఒక్కతే తొక్కితే నవ్వేవాడు యాభై మంది వరసగా వస్తుంటే పక్కకి తప్పుకుంటాడు. అందుకే నేను ఎవరికీ ఒంటరిగా తెల్లవారుజామున దొంగచాటుగా నేర్చుకోమని చెప్పను. కనీసం నలుగురు కలిసి రండి.

చీర గురించి తప్పకుండా అడుగుతారు. పుదుక్కోట్టైలో చాలామంది చీరల్లోనే తొక్కారు. చైన్ మొత్తాన్ని మూసే కవర్, వెనక చక్రానికి జాలీ ఉండాలి. కొంగు నడుము చుట్టూ దోపుకోవాలి. చుడీదార్ అయితే చున్నీ ఇంట్లో పెట్టి రండి, లేదా అడ్డంగా వేసుకుని ముడేసుకోండి. ప్రమాదం ఎక్కువగా చున్నీతోనే. హెల్మెట్ పెట్టుకోండి. చేతులకి గ్లవ్స్ ఉంటే మంచిది, పడినప్పుడు ముందు ఆనేవి అరచేతులే.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ కప్పు కూడా వేశారు. బాగుంది, సంతోషం. అయితే కార్లో సైకిల్ వేసుకుని వెళ్లి తొక్కి వచ్చేవాళ్లకి అది పనికొచ్చినంతగా, కాలనీలోంచి రైతుబజారుకి వెళ్లాల్సిన ఆవిడకి పనికిరాదు. ఆవిడకి కావాల్సింది లోపలి వీధుల్లో గుంతలు పూడ్చడం, స్పీడ్‌గా దూసుకొచ్చే బైకుల్ని అదుపు చేయడం. మన వార్డు సమావేశాల్లో దీన్ని అడగొచ్చు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి స్కూలు గ్రౌండ్‌లో ఉంటాం. సైకిల్ లేకపోయినా రండి, వంతులవారీగా వాడుకుందాం. స్పానర్ నా దగ్గర ఉంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లు తిరిగే సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి రండి. వద్దంటే మూడు చక్రాల సైకిల్ ఉంది, అదేం నామోషీ కాదు. మగవాళ్లు నేర్చుకోవడానికైతే తప్పకుండా రావచ్చు. సలహాలివ్వడానికైతే మాత్రం టీ కొట్టు దగ్గరే ఆగిపోండి.