కాల్గరీలో జనవరి వేడిగాలి: కొత్తగా వచ్చేవాళ్ల కోసం

నమస్తే అండీ. ఇది కెనడాలోని కాల్గరీ, నెలేమో జనవరి. అయినా చూడండి, ఇళ్ల కప్పుల మీది మంచు కరిగి నీళ్లు ఎలా కారుతున్నాయో. నిన్న మైనస్ 20, ఈరోజు ప్లస్ 8. దీనికి కారణం ఎండ కాదు, గాలి.

కెమెరా పడమర వైపు తిప్పుతాను. అదిగో, రాకీ పర్వతాల మీద ఆ పొడవాటి మబ్బు విల్లులా వంగి ఉంది, దాని కింద కొంచెం నీలాకాశం. ఈ వేడిగాలిని ఇక్కడ చినూక్ అంటారు, ఆ మబ్బును చినూక్ ఆర్చ్ అంటారు. అది కనిపిస్తే వేడిగాలి వచ్చినట్టే.

మాది అనంతపురం కాబట్టి ఈ గాలి సంగతి నాకు తొందరగానే బోధపడింది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేస్తే, మన సీమకు ఉత్త గాలే మిగులుతుంది కదా! ఇక్కడా పసిఫిక్ మీది తేమగాలి బ్రిటిష్ కొలంబియా కొండలెక్కుతూ అక్కడే వానగా, మంచుగా కురిసేస్తుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి బయటికొస్తుంది, అందుకని పైకెళ్లే గాలి నెమ్మదిగానే చల్లబడుతుంది. తేమ పోయిన గాలి ఇటు దిగేటప్పుడు మాత్రం కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అమెరికాలో, సౌత్ డకోటాలోని స్పియర్‌ఫిష్ ఊళ్లో 1943 జనవరి 22 పొద్దున ఇలాంటి గాలికే రెండు నిమిషాల్లో మైనస్ 20 నుంచి ప్లస్ 7కి పెరిగింది. నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా టెన్షన్ అంతా జనవరి ఇన్‌టేక్‌కి, అంటే జనవరిలో మొదలయ్యే కాలేజీ చదువులకి వచ్చే మన పిల్లల గురించి. ఇలాంటి రోజు దిగితే ‘కెనడా చలి ఇంతేనా’ అనుకుని పల్చటి జాకెట్‌తో సరిపెట్టేస్తారు. వద్దమ్మా! చినూక్ ఒక్కోసారి కొన్ని గంటలే ఉంటుంది. సాయంత్రానికి ఈ నీళ్లే గడ్డకట్టి బ్లాక్ ఐస్ అవుతాయి, రోడ్డు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కాలు పెడితే జారిపోతారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి ఈ గాలికి తలనొప్పి కూడా మొదలవుతుంది, మాత్రలు దగ్గర పెట్టుకోండి.

ఇంకొకటి. ఫోన్‌లో టెంపరేచర్ ఒక్కటే చూడకండి, విండ్ చిల్, అంటే గాలి వల్ల ఒంటికి అనిపించే చలి, అది కూడా చూడండి. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33లా ఉంటుంది. ఆ చలిలో చెవులు, ముక్కు కప్పుకోకపోతే 10 నుంచి 30 నిమిషాల్లో చర్మం గడ్డకట్టొచ్చు. బస్సు ఆలస్యమైతే చాలు, అంతసేపు నిలబడాల్సి వస్తుంది. అందుకే టోపీ, గ్లవ్స్ ఈరోజు కూడా బ్యాగులోనే ఉంచుకోండి.