మాట ఎక్కడ తెగుతోంది?

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్ మీటింగ్ మొదలవగానే వినిపించే మొదటి మాట "హలో, నేను వినబడుతున్నానా?". రెండోది "మీ వాయిస్ బ్రేక్ అవుతోందండీ". ఈ రెండో మాట అన్నవాళ్ళు వెంటనే తమ వాల్యూమ్ పెంచుకుంటారు, హెడ్‌సెట్ మార్చుకుంటారు. చాలాసార్లు లోపం వాళ్ళ దగ్గర ఉండదు, మాట్లాడుతున్న మనిషి దగ్గరే ఉంటుంది. అందుకే నేను ముందు అడిగేది ఒకటే: ఎవరి మాట, ఎవరికి తెగుతోంది?

ఒక్కరి మాటే అందరికీ తెగుతుంటే ఆ ఒక్కరి మైకు, వైఫై, అప్‌లోడ్ చూడాలి. అందరి మాటలూ ఒక్కరికే తెగుతుంటే ఆయన డౌన్‌లోడో, ఊపిరాడని కంప్యూటరో కారణం. అందరివీ అందరికీ తెగుతుంటే నడుమ ఉన్న సర్వర్‌ని అనుమానించాలి. అప్పుడు కాల్ కట్ చేసి మళ్ళీ చేరడం తప్ప మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

అసలెందుకు తెగుతుంది? నెట్‌లో మన గొంతు ధారగా పోదు. సాధారణంగా 20 మిల్లీసెకన్లకో ముక్క చొప్పున, సెకనుకు 50 ప్యాకెట్లుగా వెళ్తుంది. నిదానంగా "నమస్కారం" అనేలోపు నలభై దాకా వెళ్ళిపోతాయి. ఫైలు అయితే పోయిన ముక్కను మళ్ళీ తెప్పించుకోవచ్చు. మాటకు అంత తీరిక లేదు. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ అసలు రానిదాంతో సమానం. ఒకటీ అరా పోతే సాఫ్ట్‌వేర్ అటూ ఇటూ ఉన్న ముక్కల్ని చూసి పూడ్చేస్తుంది. వరసగా నాలుగైదు పోయాయంటే అక్షరాలు మింగేస్తుంది, లేదా గొంతు రోబోలా అయిపోతుంది.

సమానమైన ఎడంతో బయల్దేరిన ప్యాకెట్లు గుంపులుగా, ఎడాపెడా చేరడాన్ని జిట్టర్ అంటారు. దాన్ని సర్దడానికి వినే వైపు ఒక బఫర్ ఉంటుంది, కొన్ని ప్యాకెట్లు పోగేసుకుని వరసగా వినిపిస్తుంది. బఫర్ పెద్దదైతే తెగడం తగ్గుతుంది. కానీ ఆలస్యం పెరిగి ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, ఇద్దరూ "సారీ, మీరు చెప్పండి" అనుకుంటారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే మేలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు.

"నాది 100 ఎంబీపీఎస్ లైను కదా!" అంటారు. గొంతును డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. పాత జీ.711 కోడెక్‌కి కూడా, ప్రతి ప్యాకెట్‌కీ అతికించే చిరునామా వివరాలతో (హెడర్లతో) కలిపి 100 కేబీపీఎస్ చాలు, అంటే మీ లైనులో వెయ్యో వంతు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ కోడెక్‌కి ఇంకా తక్కువైనా సరిపోతుంది. మాటకు కావలసింది స్పీడు కాదు, నిలకడ.

నా సంగతే చెప్తాను. ఒకసారి నా మాటే తెగుతోందన్నారు. నాకేమో అందరూ గంట కొట్టినట్టు వినబడుతున్నారు. స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండం. కొంచెం టెన్షన్ పడి రౌటర్‌కి పింగ్ పెట్టాను, అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూశాను: 2, 3, 2 మిల్లీసెకన్లు. అంటే వైఫైకి ఏ రోగమూ లేదు. బయటి సర్వర్‌కి పెట్టాను: 30, 31, తర్వాత ఒక్కసారిగా 700, 900. చూస్తే జేబులో ఉన్న ఫోను ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తోంది! అప్‌లోడ్ లైను నిండిపోయి, నా మాట ఆ ఫొటోల వెనక క్యూలో నిలబడింది. ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. బ్యాకప్ ఆపగానే గొంతు తేటపడింది. తర్వాత రౌటర్ సెట్టింగుల్లో అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కన్నా కాస్త తక్కువకు పెట్టుకున్నాను. అలా చేస్తే క్యూ మోడెమ్‌లో పేరుకోదు, రౌటర్ మాటను ముందుగా పంపగలుగుతుంది.

రౌటర్‌కి పెట్టిన పింగే ఎగిరెగిరి పడుతుంటే తప్పు వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్, చుట్టుపక్కల రౌటర్లు అన్నీ ఒకే చోట తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, కుదిరితే కేబుల్ పెట్టండి. కేబుల్ అంటే అందరికీ చిన్నచూపే గానీ, నాకు తెలిసిన మందుల్లో అంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ చేయగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే అది తెగడం కాదు, హెడ్‌సెట్ కాల్ మోడ్‌కి మారడం. దానికోసం రౌటర్‌ని రీస్టార్ట్ చేయకండి.

సరే, ఎవరైనా ఒక ల్యాప్‌టాప్ ఇటివ్వండి. ఈ హాల్ వైఫైకే పింగ్ పెట్టి చూద్దాం.