ఎమ్మెడ్ చేస్తే ఏమొస్తది? జవాబు గద్వాల సీడ్ పత్తి చేలో ఉంది

నమస్తే. బీఎడ్ అయిపోయినవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న మాట ఒకటే. "సార్, డీఎస్సీ కోచింగ్‌కు పోవాలా, ఎమ్మెడ్‌లో చేరాలా?" డీఎస్సీ అంటే సర్కారు టీచర్ ఉద్యోగాల పరీక్ష, ఎమ్మెడ్ అంటే బీఎడ్ తర్వాతి పీజీ. ఇంట్లో ఉద్యోగం అర్జెంటు అయితే డీఎస్సీకే చదవండి. బీఎడ్ వాళ్లు రాసే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు ఎమ్మెడ్ అడగరు. వాళ్లకు నా జవాబు అయిపోయింది, వీడియో ఆపేసినా ఏమనుకోను.

ఇక మిగిలినవాళ్లతో మాట్లాడతా. బడికీ ఊరికీ, చదువుకూ కులానికీ, ఆడపిల్లకూ హాజరు పట్టీకీ ఉన్న సంబంధం ఏమిటో పీజీ స్థాయిలో చదవాలని కొందరికి ఉంటుంది. బీఎడ్‌లో సమకాలీన భారతదేశం, జెండర్ అని పేపర్లు ఉంటాయి కదా. గైడ్ కొని, పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కాం. ఎమ్మెడ్‌లో అవే విషయాలు విద్యకు సామాజిక, తాత్విక, చారిత్రక పునాదులుగా మళ్లీ వస్తాయి. పాఠం ఎలా చెప్పాలన్నది మెథడ్స్ పేపర్ చూసుకుంటుంది. ఈ పేపర్లు అడిగేది వేరు: క్లాసులో ఎవరు కూర్చున్నారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు?

గద్వాలనే తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. తెలంగాణ మొత్తం మీద 66 శాతం దాటింది. కారణం ఏమిటని స్టాఫ్ రూంలో అడగండి. "పేరెంట్స్‌కు శ్రద్ధ లేదండీ" అంటారు. చాలా సులువైన జవాబు, ఎవరి మీదా పని పెట్టదు.

ఇప్పుడు అక్కడి సీడ్ పత్తి చేనులోకి, అంటే కంపెనీలకు పత్తి విత్తనం పండించే చేనులోకి రండి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకోవాలి. సాయంత్రం ఆడ వరుసలో మర్నాడు విచ్చే మొగ్గను పట్టుకుని పుప్పొడి భాగం గిల్లేస్తారు. తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఈ పని సరిగ్గా బడులు నడిచే వానాకాలంలో వారాల తరబడి సాగుతుంది. విత్తనం ధర కంపెనీ చెప్తుంది. కంపెనీకీ రైతుకూ మధ్యలో ఆర్గనైజర్ అనే ఏజెంటు ఉంటాడు, అప్పు ఇచ్చేదీ చాలాసార్లు అతనే. రైతు చేతిలో తగ్గించుకోగలిగింది కూలి ఒక్కటే. కూలి తగ్గాలంటే ఎవరు దొరుకుతారు? ఆడపిల్లలు. వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, పువ్వు నలగదు అని ఒక సాకు కూడా ఉంది. ఇంటికి ముందే అడ్వాన్స్ వచ్చి ఉంటే ఇక పిల్ల బడికి ఎట్ల పోతది?

అదే తల్లి కొడుకును ప్రైవేటు బడికి ఫీజు కట్టి పంపుతుందనుకోండి. శ్రద్ధ లేదనే మాట అక్కడ నిలబడుతుందా? ఖాళీ బెంచీ నుంచి చేనుకు, చేను నుంచి ఆర్గనైజర్‌కు, అక్కడి నుంచి కంపెనీ రేటుకు గీత గీయగలగాలి. ఆ గీత గీయడం నేర్పితేనే ఆ పీజీకి విలువ. లేకపోతే అది గోడకు తగిలించే ఇంకో పట్టా.

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో ఇంకో రకం. ఇంట్లో లంబాడీ భాష, బయట తెలుగు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంగ్లిష్ వద్దని నేననను, తల్లిదండ్రులే అడుగుతున్నారు. కానీ మూడో భాషలో లెక్క అర్థం చేసుకుంటున్న పిల్లను "స్లో లర్నర్" అని రాసేస్తాం. బడి తెలివి అని మార్కులేసేది చాలావరకు ఇంటి నుంచి వచ్చిన భాష, అలవాట్లే అని ఫ్రెంచి సామాజికవేత్త బోర్దియూ ఎప్పుడో వాదించాడు. ఆయన్ను పరీక్షలో అయిదు మార్కులకు రాస్తాం, తండా బడిలో మాత్రం గుర్తుకు రాడు.

సర్వేల్ సంగతి కూడా చెప్పాలి. అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో 1971లో, పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, గురుకులం పెట్టారు. పేదింటి పిల్లలు పెద్ద అధికారులయ్యారు. గురుకులాలు చేసిన మేలును నేను తక్కువ చేయను. నాకు తేలని ప్రశ్న వేరే. ఇప్పుడు అయిదో తరగతి సీటుకు ఎంట్రన్స్ పెట్టి చురుకైన పిల్లల్ని తీసుకెళ్లాక ఊరి బడిలో మిగిలేదెవరు? వాళ్ల తల్లిదండ్రుల్లో మాట చెల్లేవాళ్లు ఎంతమంది? అందరూ ఇంటి దగ్గరి ఒకే రకం బడిలో చదవాలని చదువుల మీద కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. మనం పోయింది వేరే దారిలో. ఎమ్మెడ్‌లో రాసే పరిశోధన వ్యాసానికి, అదే డిసర్టేషన్‌కు, మంచి టాపిక్ అవుతుంది, ఎవరైనా తీసుకోండి.

డిసర్టేషన్ అంటే గుర్తొచ్చింది. మన దగ్గర చాలావరకు "విద్యార్థుల వైఖరి" అని ఒక టాపిక్, వంద ప్రశ్నావళులు, నాలుగు టేబుళ్లు, రెండు గుంపుల సగటులు పోల్చే ఒక టీ టెస్ట్. బైండింగ్ మాత్రం బాగుంటుంది. టీ టెస్ట్ తప్పని కాదు, అడిగిన ప్రశ్నలోనే పస లేదు.

చేరేముందు ఇది చూసుకోండి. ఎమ్మెడ్‌ను 2015లో రెండేళ్లు చేశారు, బీఎడ్ లాంటి ట్రైనింగ్ ఉండాలి. ఎంఏ ఎడ్యుకేషన్‌కు చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఉంది. బీఎడ్ కాలేజీలో పాఠం చెప్పాలని ఉంటే మాత్రం ఎక్కువ పోస్టులకు ఎమ్మెడ్ అడుగుతారు, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా రాసుకోండి. చదవాల్సినవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగు మీడియం వాళ్లకు మొదటి సెమిస్టర్ టెన్షనే.

చేరాక మీ మండలంలో ఒకే ఒక్క బడి పట్టుకోండి. మూడేళ్ల హాజరు రిజిస్టర్ నెలలవారీగా రాసుకుని, పక్కన క్రాసింగ్ నెలలు పెట్టి చూడండి. పిల్లల పేర్లు రాయకండి, తల్లులతో పొద్దు గూకాక మాట్లాడండి, పగలు వాళ్లు దొరకరు. శాంపిల్ చిన్నదని మీ డిసర్టేషన్ చూసే సార్ అంటే, ఆ రిజిస్టర్ కాపీ టేబుల్ మీద పెట్టి "ఈ నెలల్లో ఆడపిల్లలే ఎందుకు తగ్గారు సార్?" అని అడగండి.