సోచాయించుడు వేరు, రంది వేరు

(హన్మకొండలో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న యువత, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మనసులో జరిగే పనికి మన దిక్కు ఒక్క పేరు పెట్టి ఊరుకోలేదు. "జర సోచాయించి చెప్త" అంటాం. "పోయిన ఉద్యోగం మీద రంది పెట్టుకున్నడు" అంటాం. "రిజల్టంటేనే బుగులైతుంది" అంటాం. ఇప్పుడు ఈ మూడింటినీ ఓవర్‌థింకింగ్ అనే ఒక్క మాటలో కట్టేస్తున్నాం. దాంతో పిల్లలకు అసలు ఆలోచించడమే తప్పన్నట్టు వినబడుతోంది. సోచాయించడం తప్పు కాదు. అది లేకుంటే పత్తి ఎప్పుడు అమ్మాలో, ఏ పరీక్షకు కూర్చోవాలో తేలదు. అయిపోయినదాన్ని తవ్వుకుంటూ ఉండటం రంది, రాబోయేదాన్ని తలుచుకుని వణకడం బుగులు. మనస్తత్వ శాస్త్రం కూడా ఈ రెండింటినీ విడిగానే చూస్తుంది. నడక మాత్రం రెండింటిదీ ఒకటే, గానుగెద్దు నడక. రోజంతా తిరుగుతుంది, ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఇకమీదట రెండింటినీ కలిపి రంది అనే అంటాను.

ఎవరికి వారు తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇరవై నిమిషాలు ఆలోచించాక కాగితం మీద రాయడానికి ఒక్క పనైనా మిగిలిందా? మిగిలితే మీరు సోచాయించారు. పని ఏదీ మిగలక గుండె ఇంకా బరువెక్కితే అది రంది.

ఒక రాత్రిని దగ్గర్నుంచి చూద్దాం. అద్దె గదిలో ఒక అభ్యర్థి పడుకుని ఉన్నాడు. సాయంత్రం అతను రాసిన ఉద్యోగ పరీక్ష జవాబుల జాబితా, ప్రాథమిక కీ వచ్చింది. టైం పన్నెండు నలభై. 87వ ప్రశ్నకు మొదట ఒకటో జవాబు అనుకుని, చివరి నిమిషంలో మూడోది దిద్దాడు. కీలో ఒకటో జవాబే ఉంది. "ఎందుకు మార్చిన?" అని మొదలైంది. రెండో మెట్టు "నేనెప్పుడూ ఇంతే". మూడోది "ఇంటర్ల గూడ ఇట్లనే పోయింది". నాలుగోది "నాయిన ఇన్నేండ్లు పైసలు పంపిండు". ఐదోది "నాతోటి కాదు". జవాబు పత్రం మీద దిద్దిన ఒక్క గుండ్రం దగ్గర మొదలై ఐదు మెట్లలో బతుకంతా నేలమట్టమైంది. మీరు చూడాల్సింది రెండో మెట్టును. అక్కడ ప్రశ్న ఒక ప్రశ్నపత్రం మీద నుంచి మనిషి మీదికి మళ్లింది. మనసు బాగాలేనప్పుడు జ్ఞాపకశక్తి బాధపడ్డ సంగతులనే ముందు తెచ్చి పెడుతుంది. అందుకే ఇంటర్ గుర్తొచ్చింది. అదే పిల్లవాడు అంతకుముందు మంచి మార్కులు తెచ్చుకున్న పరీక్షలు ఆ గంటలో గుర్తుకు రావు. సాక్ష్యాలన్నీ ఒకవైపే పోగవుతాయి కాబట్టి "నాతోటి కాదు" అన్నది తీర్పులాగా నిజమనిపిస్తుంది.

ఈ తీరును దశాబ్దాల పాటు పరిశోధించిన మనిషి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సుసాన్ నోలెన్ హోక్సెమా. 1989 అక్టోబర్ 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే, వేరే పని కోసం, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 137 మంది విద్యార్థులు బాధ కలిగినప్పుడు ఏం చేస్తారో రాయించి పెట్టుకున్నారు. భూకంపం తర్వాత పది రోజులకు, మళ్లీ ఏడు వారాలకు వాళ్లనే అడిగారు. ముందునుంచీ రంది అలవాటున్న వాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. అంతకుముందు వాళ్ల మనసు ఎట్లా ఉండేదన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది.

ఆమె, సోంజా ల్యుబొమిర్‌స్కీ కలిసి 1995లో అచ్చు వేసిన ప్రయోగాలు మన ముచ్చటకు ఇంకా దగ్గర. మనసు బాగాలేని వాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఎనిమిది నిమిషాలు తమ గురించి, తమ మూడ్ గురించి ఆలోచించింది. రెండో గుంపు బయటి వస్తువుల మీద, దృశ్యాల మీద మనసు పెట్టింది. ఆ తర్వాత స్నేహితులతో, తోటి మనుషులతో వచ్చే చిక్కులు కొన్ని ఇచ్చి దారులు చెప్పమంటే, తమ గురించి ఆలోచించిన గుంపు చెప్పిన దారులు నాసిగా ఉన్నాయి. ఎనిమిది నిమిషాలకే అంత తేడా. "ఇంకొంచెం ఆలోచిస్తే తెగుతుంది" అని రాత్రి రెండింటిదాకా మేలుకునే వాళ్లకు ఈ సంగతి తప్పక తెలియాలి. బాధలో ఉన్న మెదడు అదే బాధను ఎంత తిప్పితే దారి అంత మూసుకుపోతుంది. ఎదుగుదల ఆగేది అక్కడే. తెలివి తగ్గలేదు, ఆ తెలివికి పని దొరకడం లేదు.

ఒంటి సంగతి క్లుప్తంగా. పై అధికారి తిట్టింది ఐదు నిమిషాలే కావచ్చు. దాన్నే తలుచుకుంటున్నంతసేపూ గుండె వేగం, రక్తపోటు, ఒత్తిడి హార్మోన్లు ఆ ఐదు నిమిషాలు ఇంకా నడుస్తున్నట్టే పనిచేస్తాయి. తలనొప్పి, మెడ పట్టేయడం, కడుపులో మంట, నిద్ర తెగిపోవడం ఇట్లానే వస్తాయి. దానికి తోడు చదువుకునే వాళ్ల చాయ్. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్‌లోని కెఫీన్‌లో సగం పదకొండింటికి ఇంకా లోపలే ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు తర్వాత చాయ్ ఆపి వారం రోజులు చూడండి.

ఇక ఇంట్లో అందరూ చెప్పే సలహా, "ఎక్కువ ఆలోచించకు బిడ్డా." ప్రేమతోనే అంటారు, కానీ పనిచేయదు. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఈ సంగతి చూపించాడు. ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పి, వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత తలుచుకోవచ్చని చెబితే, మొదటినుంచీ తలుచుకోమన్న వాళ్లకంటే వీళ్లకే ఎక్కువసార్లు వచ్చింది. ఒక ఆలోచన రాకూడదని కాపలా పెడితే, వచ్చిందో లేదో చూడటానికే మనసు దాన్ని పిలుస్తూ ఉంటుంది.

అందుకే ఆపమని చెప్పం, వాయిదా వేయమంటాం. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ బోర్కొవెక్, ఆయన తోటివాళ్లు 1983లో చెప్పిన పద్ధతి ఇది. రోజూ ఒకే చోట, ఒకే టైంకు అరగంట రందికి కేటాయించాలి. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు ఇరవై నిమిషాలు చాలు. సాయంత్రం ఆరు, ఆరున్నర మంచిది. నిద్రకు ముందు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మంచం మీద వద్దు, చదువుకునే కుర్చీలో వద్దు. డాబా మీద ఒక మూలో, ఇంటి ముందు అరుగో పెట్టుకోండి. పగలు రంది వచ్చినప్పుడు చిన్న నోట్‌బుక్‌లో రెండు మూడు మాటలే రాయాలి, "87వ ప్రశ్న", "నాయిన పైసలు" అని. రాసి, "ఆరింటికి చూస్త" అనుకుని చేతిలో పని అందుకోవాలి. పేరా రాస్తే పగలే రంది మొదలైనట్టు. ఆరింటికి అలారం పెట్టి ఆ జాబితా తెరవాలి. సగం సంగతులు అప్పటికే చప్పబడి ఉంటాయి, కొట్టేయండి. మిగిలినవాటికి పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు నా చేతిలో లేనిది, కుడివైపు నేను చేసేది రాయాలి.

ఇక్కడ తండ్రులు ఉన్నారు కాబట్టి పత్తి పేజీ ఒకటి చూద్దాం. రంది ఏంది? "ఇప్పుడు అమ్మితే రేపు రేటు పెరుగుతదేమో, ఆగితే పడిపోతదేమో." ఎడమవైపు రెండే మాటలు: ఎనుమాముల మార్కెట్లో వచ్చే వారం ధర, వాన. వాటి కింద ఇంకేం రాయొద్దు. కుడివైపు: "రేపు పొద్దున తొమ్మిదింటికి పరదా మీద ఆరబోయాలె. తేమ కొలిపియ్యాలె." మద్దతు ధర కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనరు. అంటే రైతు చేతిలో ఉన్న పని అదే. మూడో వరుస: "20వ తారీఖు లోపల సగం అమ్ముత, మిగిలిన సగం సంక్రాంతి లోపల." ఈ వరుసే అసలైన మందు. తారీఖు వేసుకున్నాక రేటు పదిరోజులు అటూ ఇటూ ఊగినా ఆ నిర్ణయం రాత్రిపూట మళ్లీ తెరవాల్సిన పని లేదు. ధర నష్టం వస్తే రావచ్చు. కాని మూడు నెలలు నిద్ర లేకుండా ఆగినవాడికి మంచి రేటే దొరుకుతుందన్న హామీ కూడా లేదు.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందంటే, చాలామంది ఆరింటికి కూర్చోరు. ఆ రోజు బాగానే ఉంది కదా అని వదిలేస్తారు. రెండుసార్లు మాట తప్పితే "తర్వాత చూస్త" అన్నది మనసు నమ్మదు, పగలే మీద పడుతుంది. అందుకే రంది లేని రోజు కూడా ఐదు నిమిషాలైనా కూర్చోవాలి. కొందరు ఇరవై నిమిషాలు దాటి గంట చేస్తారు. అలారం మోగగానే లేచి ఒంటితో చేసే పని, బట్టలు ఆరేయడమో, కూరగాయలు కోయడమో పెట్టుకోండి. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఫలితం కనబడక ఇంకొందరు మానేస్తారు. రెండు వారాలు చేసి చూడాలి. చేతులు కడిగిందే కడగడం, తాళం పదిసార్లు చూడటం లాంటివి ఉన్నవాళ్లకు ఈ నోట్‌బుక్ సరిపోదు. అది వేరే జబ్బు, దానికి వేరే చికిత్స ఉంది, డాక్టర్‌కు చూపించాలి.

రెండో సంగతి, ప్రశ్న తీరు. "ఎందుకు" అన్నది రందిని పెంచే ప్రశ్న. ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే పరిశోధకుడు చేసిన పనిలో చాలాభాగం దీనిమీదే. "నాకే ఎందుకిట్ల?" అని అడిగితే మనసు ఆకాశంలో తిరుగుతుంది, "ఎట్ల జరిగింది, ఇప్పుడేం చెయ్యాలె" అంటే నేల మీదికి దిగుతుంది. 87వ ప్రశ్ననే తీసుకోండి. ఎట్ల జరిగింది? చివరి ఐదు నిమిషాల్లో మార్చిన జవాబులు ఎన్ని? వాటిలో ఎన్ని లాభమయ్యాయి, ఎన్ని నష్టమయ్యాయి? లెక్క వేస్తే పది నిమిషాలు. ఆ పట్టిక వచ్చే మాక్ టెస్టుకు పనికొస్తుంది. కీ మీద అభ్యంతరానికి గడువు ఉంటే ఆధారంతో పెట్టండి, పెట్టాక టెలిగ్రామ్ గ్రూపు చూడటం మానేయండి. ఒకే కీని ఐదు చానెళ్లలో సరిచూసుకోవడం భరోసా కోసం చేసే పని. ఆ భరోసా పది నిమిషాలుంటుంది, తర్వాత ఆరో చానెల్ కావాలి.

రాత్రికి ఒక చిన్న పని. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో అచ్చు వేసిన ప్రయోగంలో 57 మందిని ప్రయోగశాలలో పడుకోబెట్టారు. సగం మంది పడుకునే ముందు ఐదు నిమిషాలు, రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు. మిగతావాళ్లు అప్పటికే చేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. వివరంగా రాసినవాళ్లకు ఇంకా తొందరగా పట్టింది. కాబట్టి "చదవాలె" అని రాయొద్దు, "పొద్దున ఆరున్నరకు పాలిటీ, ప్రాథమిక హక్కులు, 30 ప్రశ్నలు" అని రాయండి. కాగితం మీదే, ఫోన్‌లో వద్దు. పడుకుని ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరేచోట మసక వెలుతురులో కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచం. గడియారం గోడ దిక్కు తిప్పి పెట్టండి. మంచం మీద రోజూ రంది పెట్టుకుంటే మంచం చూడగానే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది.

నడక గురించి కూడా చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో అచ్చు వేసిన అధ్యయనంలో కొందరిని తొంభై నిమిషాలు చెట్లున్న దారిలో, కొందరిని రద్దీ రోడ్డు పక్కన నడిపించారు. రంది తగ్గింది మొదటివాళ్లలోనే. మనకు భద్రకాళి చెరువు బండ్ ఉంది, వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది. తొంభై కుదరకపోతే నలభై అయినా నడవండి, చెవుల్లో కోచింగ్ క్లాసు పెట్టుకోకుండా.

స్నేహితుల సంగతి జాగ్రత్తగా వినండి. బాధ చెప్పుకోవాలి, దాచుకోవద్దు. కాని ఒకే బాధను ఇద్దరు కూర్చుని రోజూ గంటలు తిప్పితే స్నేహం గట్టిపడుతుంది, బాధ కూడా గట్టిపడుతుంది. అమాండా రోజ్ అనే పరిశోధకురాలు పిల్లల మీద చేసి 2002లో అచ్చు వేసిన అధ్యయనంలో కనబడింది ఇదే. వినేవాళ్లు పదిహేను నిమిషాలు అడ్డు రాకుండా వినండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి, "రేపు పొద్దుగాల మొదలు ఏం చేస్తవ్?" అమ్మానాన్నలూ, మీరు కూడా అదే అడగండి. "పక్కింటోని కొడుకుకు వచ్చింది" అన్న మాట మాత్రం ఆ పిల్లవాడి రెండో మెట్టుకు మీరే వేసిన రాయి.

నోట్‌బుక్‌తో తీరనిది కూడా ఉంటుంది. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, ఏ పనీ ఇష్టం లేకపోవడం, తిండి నిద్ర చెడటం, "నేనుంటే అందరికీ బరువు" అన్న మాటలు ఉంటే అది కుంగుబాటు జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది, నయమవుతుంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, చీటీ రాయించుకుని వెళ్లొచ్చు. ఇరవై నాలుగు గంటలూ మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 ఉంది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. బాధపడే మనిషే చేయాలని లేదు, తల్లి చేయొచ్చు, రూమ్మేట్ చేయొచ్చు.

పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఇంకొకటి. ఇంట్లో ఎవరైనా అట్లాంటి మాటలు అంటుంటే పురుగుల మందు డబ్బాలను ఇంట్లో ఉంచొద్దు. బావి కాడి కొట్టంలో తాళం వేసి, తాళంచెవి వేరే మనిషి దగ్గర పెట్టండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉధృతంగా ఉండేది చాలాసార్లు కొద్దిసేపే, ఆ కొద్దిసేపు మందు చేతికందకపోతే మనిషి మనకు దక్కుతాడు. ఇంటికి వెళ్లగానే ముందు ఆ డబ్బా ఎక్కడుందో చూడండి.