జర్మనీలో రెండు వారాలు సబ్బు లేకుండానే బట్టలుతికాం!

హలో అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఇవాళ శనివారం. రేపు ఇక్కడ షాపులన్నీ మూసేస్తారు కదా, మ్యూనిక్ మొత్తం ఈ సూపర్‌మార్కెట్‌లోనే ఉన్నట్టుంది. నేనిప్పుడు బట్టల సబ్బుల వరసలో ఉన్నాను. ఈ వరసకీ నాకూ పాత పగ.

కొత్తగా వచ్చినప్పుడు ఇదిగో, ఇలాంటి నీలం సీసానే కొన్నాను. మీద మెత్తటి తువ్వాళ్ల బొమ్మ, పూలు. రెండు వారాలు దీంతోనే ఉతికాం. బట్టలేమో గుమగుమలాడుతున్నాయి, మావారి కాలర్ మురికి మాత్రం ఎక్కడిదక్కడే. మెషీన్ పాడైందని ఇంటి ఓనర్‌కి ఫోన్ చేయబోయాం కూడా!

సీసా మీద పేరు ‘వైఖ్‌ష్ప్యూలర్’. ఒక్క గుక్కలో చదివితే నోరు తిరగదు, విరిచి చూడండి. ‘వైఖ్’ అంటే మెత్తన. గుడ్డు మెత్తగా ఉడికించమని చెప్పేటప్పుడు వాడే మాటే, నాకు తెలిసిందే! ‘ష్ప్యూలెన్’ అంటే జాడించడం. జాడించేటప్పుడు బట్టని మెత్తబరిచేదన్నమాట, మురికి వదలగొట్టేది కాదు. ఉతికేదాని పేరులో ‘వాష్’ ఉంటుంది: ‘వాష్‌మిటెల్’. ముందు ‘కలర్’ అని ఉంటే రంగు బట్టలకి. ‘ఫోల్’ అని ఉంటే ఫుల్ అనుకోండి. ఆ ఫోల్ పొడిలో బ్లీచ్ కలుస్తుంది, తెల్లబట్టలకి మంచిది. నా మెరూన్ చుడీదార్ దానికి బలైపోయింది, ఆ కథ ఇప్పుడొద్దు.

నిజానికి మనకిది కొత్తేం కాదు. కన్నూ నీరూ కలిపి కన్నీరు అనేవాళ్లమేగా. మన వేరుశనగ వీళ్లకి ‘ఎర్డ్‌నుస్’, ‘ఎర్డె’ అంటే మట్టి. చేతి తొడుగు ‘హాండ్‌షూ’, అంటే చేతికి బూటు! తాబేలు ‘షిల్ట్‌క్రోటె’, డాలు మోసే కప్ప. ఇది విన్నరోజు మా చిన్నోడు నవ్వీ నవ్వీ కింద పడ్డాడు.

అలాగని ప్రతిదీ విరిస్తే దొరకదండోయ్. మొన్న పక్కింటావిడ ఓ కార్డు ఇచ్చారు, మీద ‘హోఖ్‌ట్సైట్’ అని. ‘హోఖ్’ ఎత్తు, ‘ట్సైట్’ కాలం. “కొండలెక్కే సీజన్ ఏమో, మనల్నీ రమ్మంటున్నారు” అని మావారు బూట్లు వెతకడం మొదలుపెట్టారు. కార్డు మూలన చూస్తే రెండు ఉంగరాలు. పెళ్ళండీ, వాళ్లమ్మాయి పెళ్ళి!

అందుకే ఇప్పుడు పక్క వరసకి వెళ్తున్నా, ఏదైనా మంచి వస్తువు చూడాలి. ఇక్కడి అమ్మాయిని ‘గిఫ్ట్’ ఎక్కడుంది అని మాత్రం అడగను. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం.