గుడ్డు ఉడకబెట్టడం, కారం డెవిల్డ్ ఎగ్స్: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ పూట వంటింటి ఫోన్-ఇన్‌లో కోడిగుడ్డు గురించి మాట్లాడుకుందాం. ఉడకబెట్టడం మొదలు కారం పెట్టిన డెవిల్డ్ ఎగ్స్ దాకా ఏదైనా అడగండి. డెవిల్డ్ ఎగ్స్ అంటే ఉడికిన గుడ్డును సగానికి కోసి, పచ్చసొనను మయోనైజ్‌తో ముద్దగా కలిపి, మళ్లీ ఆ తెల్లసొనలోనే నింపేవి. జవాబులు చెప్పడానికి హోమ్ సైన్స్ మేడమ్ ఉన్నారు. తొలి ఫోన్ ఏర్పేడు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (ఏర్పేడు): నమస్తే మేడమ్. మావి ఇంట్లో పెంచే నాటుకోళ్లు. ఆ పొద్దు పెట్టిన గుడ్డు ఆ పొద్దే ఉడకబెడితే పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడొచ్చేస్తా ఉంది. అంగడి గుడ్లు మాత్రం బాగా వస్తాయి. మా గుడ్లలో ఏమన్నా లోపమా?

మేడమ్: లోపం లేదమ్మా. మరీ తాజావి కాబట్టే ఆ ఇబ్బంది. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. పెంకుకుండే సన్నటి రంధ్రాల్లోంచి అది రోజూ కొంత బయటికి పోతుంది. పోయేకొద్దీ తెల్లసొన పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, పెరిగి 8 దగ్గర్నుంచి 9 దాటుతుంది. పీహెచ్ తక్కువున్నన్నాళ్లూ తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. అందుకని ఉడకబెట్టేవి వారం, పది రోజులు పక్కన పెట్టుకోండి. తాజావి ఆమ్లెట్‌కు వాడండి.

శ్రోత (ఏర్పేడు): నీళ్లలో ఉప్పేస్తే వస్తుందంటారు?

మేడమ్: ఉప్పుకు పెంకు ఊడదు. గుడ్డు చిట్లితే, కారే సొన తొందరగా గడ్డకట్టి ఆ చీలిక మూసుకుంటుంది, ఉప్పు పని అంతే. పెంకు సులువుగా రావాలంటే నీళ్లు మసిలినాకే గుడ్లు వేయాలి. చల్లనీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే తెల్లసొన నిదానంగా గడ్డకడుతూ పొరకు అతుక్కుంటుంది. మసిలే నీళ్లలోకి గరిటెతో ఒక్కొక్కటే దించండి. వేసిన నిమిషం చూసుకోండి. మంట మధ్యస్థంగా పెట్టి 11 నిమిషాలు, ఫ్రిజ్‌లోంచి తీసినవైతే 12. గడియారం చూడాలమ్మా, అంచనా పనికిరాదు. దించిన వెంటనే ఐసు నీళ్లలో పది నిమిషాలు ఉంచండి.

వ్యాఖ్యాత: మంచిదమ్మా. తిరుచానూరు నుంచి ఫోన్.

శ్రోత (తిరుచానూరు): కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ మేడమ్?

మేడమ్: విజిల్స్ లెక్క వద్దండీ. ఒక్కో కుక్కర్ ఒక్కో రకంగా కూస్తుంది. అడుగున గ్లాసు నీళ్లు, పైన జల్లెడ గిన్నెలో గుడ్లు. ఆవిరి నిండాక సిమ్‌లో 5 నిమిషాలు, ఆపేసి ఇంకో 5 నిమిషాలు, తర్వాత ఆవిరి వదిలేసి ఐసు నీళ్లు. పెంకు బాగా వస్తుంది. చిట్లిన గుడ్డు మాత్రం అందులో పెట్టకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి ఇంకో ఫోన్.

శ్రోత (చిత్తూరు): హలో... వినపడతా ఉందా? మేడమ్, ఆదివారం మా పాప పుట్టినరోజు. 30 మంది దాకా వస్తారు. మా ఆడబిడ్డ బెంగుళూరు నుంచి వస్తా ఉంది, ఆమె డెవిల్డ్ ఎగ్స్ చెయ్ వదినా అంటా ఉంది. నేను ఒకసారి చేసినాను గానీ లోపలి ముద్ద జారుడుగా అయిపోయింది, ప్లేటులో పెడితే కారిపోయింది. కారం కూడా పచ్చివాసన కొట్టింది. పైగా ఎండలు. ముందురోజే చేసి పెట్టుకోవచ్చునా? ఎన్ని గుడ్లు పడతాయి? మయోనైజ్ ఇంట్లో చేసేదా, కొనేదా?

వ్యాఖ్యాత: రేడియో సౌండ్ తగ్గించండమ్మా.

శ్రోత (చిత్తూరు): ఆ, తగ్గించినాను.

మేడమ్: ఒక్కొక్కటి చెప్తాను, రాసుకోండి. మనిషికి రెండు ముక్కలు, అంటే 30 గుడ్లు. పగిలేవి, తెల్లసొన చిరిగేవి ఉంటాయి కాబట్టి 34 తీసుకోండి. అన్నీ ఒకే గిన్నెలో కుక్కితే నీళ్లు చల్లబడి మళ్లీ మసలడానికి ఆలస్యమవుతుంది, లెక్క తప్పుతుంది. ఒక వాయికి డజను, ఒకే వరుసలో. ముందురోజు రాత్రి గుడ్లను అడ్డంగా పడుకోబెట్టండి. వేసినాక మొదటి రెండు మూడు నిమిషాలు నీళ్లను మెల్లగా తిప్పండి. పచ్చసొన నడిమధ్యకు వస్తుంది. లేకుంటే ఒక పక్కకు పోయి, కోసినప్పుడు గోడ పల్చగా వచ్చి చిరుగుతుంది.

శ్రోత (చిత్తూరు): గోడ అంటే...

మేడమ్: తెల్లసొన గోడ. తర్వాత ఐసు నీళ్లు. ఈ ఎండల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికే కాగిపోయి ఉంటాయి, కుళాయి కింద పెడితే గుడ్డు లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఐసు లేకుంటే కుండనీళ్లు పోసి రెండుసార్లు మార్చండి. పూర్తిగా చల్లారినాకే కోయాలి. కత్తి తడిబట్టతో తుడుస్తూ నిలువుగా కోయండి. బండి మీద అమ్మేవాళ్ల మాదిరి దారంతో కోసినా అంచు నున్నగా వస్తుంది.

శ్రోత (చిత్తూరు): సరే మేడమ్. మయోనైజ్?

మేడమ్: ఇంట్లో పచ్చి గుడ్డుతో చేయొద్దు. ఎండాకాలం, పిల్లల పండగ, అసలే వద్దు. సాల్మొనెల్లా అని, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా భయం. పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరులో, మీ పక్కనే ఉండే తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాదిపాటు నిషేధించాయి. అంగట్లో గుడ్డు లేని మయోనైజ్ దొరుకుతుంది, అది తీసుకోండి. లేదా ముప్పావు లీటరు గట్టి పెరుగు బట్టలో కట్టి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు వేలాడదీయండి. మయోనైజ్ అయినా, ఈ కట్టిన పెరుగైనా డజను పచ్చసొనలకు 6 టేబుల్ స్పూన్లు. మీ 30కి 15.

శ్రోత (చిత్తూరు): 15... రాసుకున్నాను. జారుడు ఎందుకయింది?

మేడమ్: ఉల్లిపాయ తరిగి లోపల కలిపినారా?

శ్రోత (చిత్తూరు): ఆ, ఉల్లిపాయ, కొత్తిమీర రెండూ వేసినాను.

మేడమ్: అదే. ఉప్పు తగిలితే ఉల్లిపాయ నీళ్లు వదుల్తుంది. ఉల్లిపాయ పైన చల్లుకోవాలి, వడ్డించే ముందర. పచ్చసొన ముందుగా జల్లెడలో రుద్దండి, గడ్డలుండవు. మయోనైజ్ అంతా ఒకేసారి పోయకండి, చెంచా చెంచా కలుపుతూ చూడండి. చెంచా తలకిందులు చేస్తే పడిపోకుండా పట్టుకోవాలి, అప్పుడే ఆపాలి. అప్పటికీ జారిందంటే మన పప్పుల పొడి రెండు చెంచాలు వేయండి. పుట్నాలు, వెల్లుల్లి, ఎండుమిరప వేసి దంచిన పొడి ఇంట్లో ఎట్లాగూ ఉంటుంది. అది తడి పీల్చుకుంటుంది, రుచి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. నన్నడిగితే జారకపోయినా వేయండి.

శ్రోత (చిత్తూరు): కారం పచ్చివాసన?

మేడమ్: కారంపొడి నేరుగా కలపకూడదు. 30 గుడ్లకు 5 చెంచాల నూనె వేడి చేసి, పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. అందులో 2 చెంచాల గుంటూరు కారం, ఒక చెంచా బ్యాడిగి కారం. మరిగే నూనెలో వేస్తే మాడి చేదెక్కుతుంది. మిరప ఘాటు నూనెలోనే కరుగుతుంది, నీళ్లలో కరగదు, అందుకే ఈ పని. సగం నూనె ముద్దలోకి, సగం పైన చుక్కలుగా. ఇంకొకటి, ఆవపిండి. రెండున్నర చెంచాల పిండిని చల్లనీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచండి. ఆవఘాటు తడి తగిలినాకే పుడుతుంది. వేడినీళ్లు పోస్తే పుట్టదు. నిమ్మరసం పది నిమిషాల తర్వాతే, 5 చెంచాలు. ఉప్పు ఒకటింకాలు చెంచా, పప్పుల పొడిలో కూడా ఉప్పుంటుంది కాబట్టి రుచి చూసి.

శ్రోత (చిత్తూరు): ముందురోజే చేసేయొచ్చా?

మేడమ్: తెల్లసొన దొన్నెలు ఒక డబ్బాలో తడిబట్ట కప్పి, ముద్ద ఇంకో డబ్బాలో, రెండూ ఫ్రిజ్‌లో. నింపేది ఆ పొద్దే, వడ్డించడానికి గంట, రెండు గంటల ముందు. పాల కవర్ కడిగి ఆరబెట్టి, ముద్ద పోసి మూల కత్తిరిస్తే పువ్వు మాదిరి పడుతుంది. నింపినాక బయట గంట దాటనివ్వొద్దు. మామూలు రోజుల్లో రెండు గంటలు, ఈ ఎండలకు గంటే. ప్లేట్లు విడతలుగా తీయండి, అన్నీ ఒకేసారి టేబుల్ మీద పేర్చకండి.

శ్రోత (చిత్తూరు): మయోనైజ్ ఎన్ని స్పూన్లన్నారు?

మేడమ్: 15 టేబుల్ స్పూన్లమ్మా.

వ్యాఖ్యాత: పాపకు మా అందరి ఆశీస్సులు. మదనపల్లె నుంచి చెప్పండి.

శ్రోత (మదనపల్లె): గుడ్డు 20 నిమిషాలు ఉడకబెడతాను సార్. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది. విషమా?

మేడమ్: విషం కాదు. ఎక్కువ ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. రుచి, వాసన చెడతాయి. మదనపల్లె ఎత్తులో, 2,000 అడుగుల పైన ఉంది కాబట్టి నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మసులుతాయి. మీరు 12 నిమిషాలు పెట్టుకోండి. హార్స్లీ హిల్స్ మీదైతే ఇంకో నిమిషం. 20 అక్కర్లేదు. గడియారం చూడండి, దించగానే...

శ్రోత (మదనపల్లె): ఐసు నీళ్లు.

మేడమ్: అదీ!

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తిరుపతి నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (తిరుపతి): హాస్టల్ మేడమ్. పొయ్యి లేదు. మైక్రోవేవ్‌లో గుడ్డు...

మేడమ్: వద్దు నాయనా. లోపల ఆవిరి పుట్టి బయటికి దారి లేక పేలుతుంది. ఉడికిన గుడ్డు వేడి చేయడానికి కూడా పెట్టొద్దు, బయటికి తీసినాక కొరికేటప్పుడు పేలినా పేలుతుంది. ముఖం కాలుతుంది.

శ్రోత (తిరుపతి): పెంకుకు బొక్క పెడితే?

మేడమ్: వద్దన్నాను కదా నాయనా! కరెంటు కెటిల్ కూడా మసలగానే ఆగిపోతుంది, లెక్క కుదరదు. ఆవిరితో ఉడికించే చిన్న ఎగ్ బాయిలర్ దొరుకుతుంది. హాస్టల్ వాళ్లు ఒప్పుకుంటే అది కొనుక్కో.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి.

శ్రోత (శ్రీకాళహస్తి): ఉడికిన గుడ్లు ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుంటాయి?

మేడమ్: పెంకుతో అయితే వారం. పెంకు తీస్తే మర్నాటికల్లా తినేయండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్. చిత్తూరు నుంచి. అమ్మా, మీరేనా మళ్లీ?

శ్రోత (చిత్తూరు): నేనే సార్. ఒక్క మాట. మయోనైజ్ బదులు పెరుగైతే నిమ్మకాయ అంతే పిండాలా?

మేడమ్: మంచి ప్రశ్న. పెరుగులో పులుపుంది కదా, నిమ్మరసం రెండు చెంచాలకు తగ్గించండి. ఇంకొకటి మరిచాను, పెరుగుతో చేస్తే ముద్ద ముందురోజు కలపొద్దు. రాత్రంతా నీరు వదుల్తుంది. ఆదివారం పొద్దున్నే కలపండి.

శ్రోత (చిత్తూరు): పిల్లలకు కారం...

మేడమ్: వాళ్ల ముక్కలకు పైన నూనె చుక్క వేయకండి. ముద్దలో కూడా కారం నూనె కలపక ముందే వాళ్ల వాటా పక్కకు తీసి...

వ్యాఖ్యాత: సమయం అయిపోయిందమ్మా. మేడమ్, ధన్యవాదాలు. శ్రోతలందరికీ నమస్కారం.